టార్చి ఎక్కడ కట్టాలి

ఎల్బీ నగర్ అవతల కాలనీలు లేస్తున్న రోజులవి. ఇళ్లకు రాయి తీసిన గుంతలో నీళ్లు నిండాయి. ఆ నీళ్లు తోడే మోటారు కాస్తా గుంతలోనే పడింది. తెల్లారితే స్లాబు పనికి ఆ నీళ్లు కావాలి. అందుకే మట్టయ్య చీకట్లోనే దిగుతున్నాడు.

భార్య ముత్తమ్మ టార్చికి ప్లాస్టిక్ కవరు చుట్టి, సైకిల్ ట్యూబుతో అతని ఎడమచేతికి బిగించింది. నడుముకు తాడు కట్టింది. రెండుసార్లు గుంజితే ఆమె పైకి లాగాలి.

"నెత్తికి కట్టుకుంటే రెండు చేతులు ఖాళీగ ఉంటయని బావ అంటుండె."

"అన్న గట్ల కట్టుకునే గద పోయింది. చెయ్యికే ఉండనియ్యి."

అన్న సీతారాములు నిరుడు ఈ గుంతలోనే మునిగాడు. శవం కూడా దొరకలేదు.

మట్టయ్య మునిగాడు. వెలుగు కిందికి పోయి మాయమైంది. కప్పల అరుపులు ఆగిపోయాయి. అతను ఎన్నడూ ఇంతసేపు ఊపిరి పట్టలేదు.

చివరికి వెలుగు పైకి వచ్చింది. రెండు చేతులతో మోటారును పొదివి పట్టుకుని ఒక మనిషి గట్టెక్కాడు. అతని నెత్తిమీది టార్చి కళ్లలో కొడుతుంటే ముత్తమ్మకు ముఖం కనబడలేదు. అంతసేపు మునిగినా అతనికి ఆయాసం లేదు.

"నెత్తికెప్పుడు కట్టుకున్నవయ్యా?"

అతను మోటారును మెల్లగా కింద పెట్టాడు.

"ఎన్నిసార్లు చెప్పిననమ్మా మట్టయ్యకు. ఇంటేనా?"

ముత్తమ్మ చేతిలోని తాడు ఇంకా నీళ్లలోకే ఉంది. అడుగు నుంచి అది రెండుసార్లు గుంజుకుంది.