కోపంలో పెట్టిన మడత

మూడో పారాచూట్ బల్ల మీదికి వచ్చేసరికి మల్లేశ్‌కు నోరెండిపోయింది.

గోదావరి నాలుగు రోజులుగా అతనితో మాట్లాడటం లేదు. ఈ మూడోదాని మడత పూర్తయ్యేలోపు పెళ్లాం కోపం తగ్గించాలి. లేకపోతే అంతా అయిపోయినట్టే.

మెదక్‌లో గోదావరి అంటే తెలియని పెళ్లివారు లేరు. పెళ్లికూతుళ్ల పట్టుచీరలకు కుచ్చిళ్లు పెట్టి, ఇస్త్రీ చేసి, పెట్టెలో సర్ది ఇస్తుంది. ఇప్పుడు మూఢం. పెళ్లిళ్లు లేవు. నర్సాపూర్ రోడ్డులోని ఫంక్షన్ హాలూ ఖాళీయే. అందులో ఎవరో పారాచూట్లు మడతపెట్టే సర్టిఫికెట్ కోర్సు పెట్టారు. పట్టుచీరలు మడిచిన చేతికి పారాచూట్ ఒక లెక్కా అని గోదావరి చేరిపోయింది. పది రోజుల కిందట ఫారం మీద మూడు చోట్ల సంతకం పెట్టింది మల్లేశే. అప్పుడు ఇద్దరూ బాగానే ఉన్నారు.

చెడగొట్టుకున్నదీ అతనే. ఎల్దుర్తి నుంచి అక్క వచ్చింది. అక్క ముందు గొప్పలు పోకపోతే ఎట్లా?

"బట్టలు మడతపెట్టుడే గదా అక్కా. గిదానికి సర్టిఫికెట్ అంట" అని నవ్వాడు.

అంతే. ఆ పూట నుంచి గోదావరి నోరు మూతపడింది.

కోపం వస్తే ఆమె అరవదు. గిన్నెలు విసరదు. ఆ కోపమంతా మడతల్లో చూపిస్తుంది. మొన్న అల్మారాలోంచి చొక్కా తీస్తే ఒక చెయ్యి ఎటు పోయిందో దొరకలేదు. నిన్న లుంగీ విప్పడానికి పావుగంట పట్టింది.

ఇవాళ్టి పరీక్షకు పెట్టిన మూడూ మామూలు గొడుగు పారాచూట్లు కావు. ఎక్కడా కనపడని రకాలు. మొదటిది ప్లస్ గుర్తులా ఉంది. రెండోది గారెలా నడుమ చిల్లుతో ఉంది. మూడోది సమోసాలా మూడు మూలలది, అన్నిటికన్నా మొండిది. తాళ్లలో ఒక్క మెలిక పడ్డా విచ్చుకోదు.

భోజనాల బల్లలు నాలుగు కలిపి వేసి, వాటి మీద పరిచారు దాన్ని. మల్లేశ్ ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. పొద్దున టిఫిన్ కూడా ముట్టలేదు. పరీక్ష చేసే ఐలయ్య సారు అటుగా వస్తే చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, మా ఆమె జర కోపంల ఉన్నది. పరీక్ష రేపు పెట్టుండ్రి."

"మంచిగనే చేస్తున్నది గదా. ఆమెకు లేని పరేషాన్ నీకెందుకయ్యా?"

"తాళ్లు మస్తు గట్టిగ గుంజుతున్నది సార్."

"నువ్వు కూసో."

కూర్చోలేక బల్ల దగ్గరికి పోయాడు.

"గోదావరీ, తప్పైంది. అక్కకు ఫోన్ చేసి చెప్పిన. నీ అసొంటి పని జిల్లాల ఎవ్వరికి రాదన్న."

ఆమె తాళ్లు వరస పెడుతూనే ఉంది.

"నీళ్లు తాగుతవా?"

ఆమె గుడ్డను టపటపా మడిచింది. ఒక మూలను లోపలికి తోసి మోకాలితో అదిమింది. అది చూసి మల్లేశ్‌ రెండు చేతులూ జోడించాడు. బయట ఏదో ఇంజన్ గుర్రుమంది.

"ఇగ జన్మల అనను. ఒక్క మాట మాట్లాడు. తిట్టు, పడ్త."

గోదావరి సంచి మూసింది. పిన్ను గుచ్చింది. మడత తనదేనని కార్డు మీద సంతకం చేసింది. అప్పుడు, నాలుగు రోజుల తర్వాత, తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది.

ఐలయ్య సారు సంచిని అటూ ఇటూ తిప్పాడు.

"పైకి మంచిగనే కనపడ్తున్నది. పాసా, ఫెయిలా అన్నది ఇంకో పావుగంటల తెలుస్తది."

మల్లేశ్ ఆమె వైపు తిరిగాడు. "గోదావరీ, మంచిగనే పెట్టినవ్ గదా?"

"బట్టలు మడతపెట్టుడే గదా" అంది గోదావరి. "గిదానికి పరేషాన్ ఎందుకు?"

మడతపెట్టినవాళ్ల ఇంటి మనిషే చివరిదానితో దూకాలన్నది అక్కడి రూలు కాబట్టి, ఐలయ్య సారు ఆ సంచిని మల్లేశ్ వీపుకు తగిలించి, బెల్టులు బిగించి, బయట ఇంజన్ తిరుగుతున్న చిన్న విమానం వైపు నడిపించాడు.