ఉండిపోయిన మనిషి

“ఏమప్పా, రమ్ము చవగ్గా దొరుకుతుందని ఆడే ఉండిపోయినావా?”

మునికృష్ణ ఆ మాట అనగానే వరసలో నిలబడినవాళ్ళంతా నవ్వారు.

దొరస్వామి కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే దగ్గు వచ్చింది.

చిత్తూరులో మాజీ సైనికుల సంఘం గది అది. మునికృష్ణ దానికి కార్యదర్శి. చెడ్డవాడేం కాదు, నోరే అంత. పక్కన అతని కూతురు కూర్చుని అందరికీ అర్జీలు రాసిపెడుతోంది.

కాలం తీరాక కూడా సైన్యంలో ఉండి ఆలస్యంగా దిగినవాళ్ళకు పెన్షన్ సవరిస్తారని అప్పుడే కబురొచ్చింది. బుధవారం అధికారి వస్తాడు. అయితే ఒక మెలిక ఉంది. తనంతట తాను కోరి ఉండిపోయినవాడికి పెంచరు. ఉండక తప్పలేదని ఎరిగినవాడెవడైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి.

“నేను కోరి ఉండలేదప్పా,” అన్నాడు దొరస్వామి. “ఇద్దరు డ్రైవర్లలో ఒకడు ఉండి తీరాలన్నారు. ఆ రెండో ఆయప్పకు ఇంటికాడ...”

“ఆ రెండో ఆయప్ప పేరేంది? పిల్చుకొని రా, సాక్ష్యం చెప్తాడు.”

“పేరు తెలీదు. ముఖం కూడా సూడలేదు. ఆయప్పది వేరే క్యాంపు. మన పక్కోడే అన్నారు.”

“పేరూ తెలీదు, ముఖమూ తెలీదు. బాగుండాది కథ.”

“కథ కాదప్పా, ఇంటికాడ ఆయప్పకు...”

“సాల్లేప్పా. నన్ను సూడు. దిగేవాళ్ళ లిస్టులో పేరొచ్చింది, పెట్టె సర్దుకొని దిగొచ్చేసినా. ఆశకు పోలేదు.”

దొరస్వామి గొంతు తగ్గించాడు.

“నాకోసం అడగలేదప్పా. నా గుండె బాగలేదన్నారు. నేను పోతే మా ఆనందమ్మకు సగం పెన్షనే వస్తుందంట. ఆ సగమన్నా కాస్త పెరిగితే...”

మునికృష్ణ ముందున్న అర్జీల కట్ట పక్కకు జరిపాడు.

“నేనేం చేసేదప్పా? సాక్షి లేకుంటే ఆ అధికారి నా మాట వింటాడా?”

అదీ నిజమే. అతని చేతిలో ఏముంది?

మళ్ళీ దగ్గు వచ్చింది దొరస్వామికి.

“అలివేలూ, ఈ పెద్దాయనకు నీళ్ళియ్యి,” అన్నాడు మునికృష్ణ.

గ్లాసు అందుకున్న దొరస్వామి తాగడం మరచి ఆ పిల్లవైపే చూశాడు.

“నీ పేరు అలివేలా తల్లీ?”

“అవును తాతా.”

“ఎప్పుడు పుట్టినావమ్మా?”

“బంగ్లాదేశ్ యుద్ధానికి ముందర. నాయన మిలిటరీ నుంచి దిగి ఇంటికొచ్చిన వారానికే పుట్టినానంట.”

దొరస్వామి నీళ్ళు తాగాడు. గ్లాసు బల్లమీద మెల్లిగా పెట్టాడు. ముఖం మాత్రం పెళ్ళికి పోయేవాడి ముఖంలా ఉంది.

“బుధవారం లోపల మళ్ళీ వస్తానప్పా. మా ఆనందమ్మను పిల్చుకొని వస్తా.”

“ఆయమ్మతో ఏం పని? సాక్షిని పిల్చుకొని రాప్పా సామీ.”

వరసలో మళ్ళీ నవ్వారు. దొరస్వామి అలివేలును ఇంకోసారి చూసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మంగళవారం దాకా అతను రాలేదు. బుధవారం అధికారి వచ్చాడు, ఉన్న అర్జీలు తీసుకుని పోయాడు.

నెల దాటాక, బొట్టు లేని ఒక పెద్దామె ఆ మెట్లెక్కి వచ్చింది.

“దొరస్వామి భార్యనన్నా. ఆనందమ్మ నా పేరు.”

మునికృష్ణ లేచి కుర్చీ వేశాడు.

“ఆ అధికారి వచ్చి పోయినాడు మా. మళ్ళీ ఎప్పుడొస్తాడో, వస్తాడో రాడో నాకే తెలీదు.”

“దానికి రాలేదన్నా. పోయే ముందు రోజు ఆయన ఒకటే చెప్పినాడు. ఆడ అలివేలని ఒక బిడ్డ ఉండాది, పోయి సూసి రా అని.”

అలివేలు రాస్తున్నది ఆపి తలెత్తింది.

“ఆ పేరు నువ్వే పెట్టుకుంటివా అన్నా?”

“లేదు మా. నేను దిగొచ్చేటప్పుడు మా క్యాంపు గుమాస్తా చెప్పినాడు, ఆడబిడ్డ పుడితే అలివేలని పెట్టమని. అమ్మవారి పేరు గదా అని పెట్టినా.”

ఆనందమ్మ దగ్గరకు వెళ్ళి అలివేలు తల నిమిరింది. చాలాసేపు నిమిరింది.

“మాకు పుట్టిన బిడ్డ పేరు గూడా అలివేలే అన్నా. నాయన ముఖం సూడకుండానే పోయింది. అందుకే, వేరే క్యాంపులో ఎవురో ఒకాయప్ప భార్యకు నెలలు నిండినాయని విని, ఇంటికొచ్చే తన వంతు ఆయప్పకిచ్చేసి, ఆడబిడ్డయితే ఈ పేరు పెట్టమని గుమాస్తాతో చెప్పి, మా ఆయన ఆడే ఉండిపోయినాడు.”