పెనుకొండ లెన్సు

"ఆ దుడ్లు ముట్టుకున్నావంటే, ఈ వానాకాలమంతా నేను మగ్గం మీద గొడుగు పట్టుకొని కూర్చోవల్ల," అంది సుమలత.

ధనుంజయ చెయ్యి బీరువా తాళం మీదే ఆగిపోయింది. మగ్గమింటికి కొత్త రేకులు వేయించడానికని ఆలుమగలిద్దరూ కూడబెట్టిన డబ్బు అది. పాత రేకుల బీటల్లోంచి పోయినేడే నీళ్లు కారాయి. మగ్గం మీది పట్టు తడిసిందంటే చీర పోయినట్టే. అదంతా అతనికీ తెలుసు. కానీ అతనూ ఊరికే ఆశపడలేదు. ధర్మవరంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీయడం అతని పని. కెమెరా పాతది, లెన్సు అంతకంటే పాతది. నిన్న కనగానపల్లి పెళ్లివారు వచ్చి ఫోన్లో ఒక ఫోటో చూపించారు. పెళ్లికూతురి ముఖం కడిగిన ముత్యంలా ఉంది. వెనకంతా వెన్న కరిగినట్టు మెత్తగా మసకబారింది. పెనుకొండాయన ఎవరో తీశాడట.

"ఇట్ల తీస్తావా అప్పా? తీస్తానంటే నీకే ఇస్తాం," అన్నారు వాళ్లు. అప్పటినుంచి ధనుంజయకు అన్నం సయించడం లేదు.

"ఆ లెన్సు లేకపోతే గిరాకీ అంతా పెనుకొండకు పోతాది సుమలతా. ఈపొద్దు ఒకరు అడిగినారు. రేపు అందరూ అడుగుతారు."

"లైటు కొనేటప్పుడూ ఇదే మాట చెప్పినావు. స్టాండు కొనేటప్పుడూ ఇదే మాట. ఎప్పుడన్నా మాట మార్చినావా?"

"హిందూపురంలో కెమెరాలు రిపేరీ చేసే నాగభూషణమన్న ఫోన్ చేసినాడు. అట్లాంటి లెన్సే పెనుకొండలో ఎవరో సగం ధరకు ఇస్తాండారంట. పోయి చూసొస్తా. చూస్తే ఏం పోతాది?"

"చూసేదానికి దుడ్లెందుకు?"

ధనుంజయ తాళం తీశాడు. డబ్బు జేబులో పెట్టుకొని, కెమెరా సంచి భుజాన వేసుకొని, ఆమె ముఖం చూడకుండా వెళ్లి బస్సెక్కాడు.

దారి పొడుగునా అతని మనసులో ఇద్దరు పోట్లాడుతూనే ఉన్నారు. ఒకడు కొనమంటాడు, ఇంకొకడు ఆకాశం చూడమంటాడు. ధనుంజయ నిజంగానే కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాడు. పడమర మబ్బు పట్టి ఉంది. చూడకుండా ఉంటే బాగుండేదనుకున్నాడు.

పెనుకొండ బస్టాండు ఎదురుగానే స్టూడియో. లోపల అడుగు పెట్టగానే గోడ మీద నిలువెత్తు ఫోటో. అదే ముత్యంలాంటి పెళ్లికూతురు, అదే వెన్నలాంటి మసక. లెన్సు అమ్ముతున్నది సాక్షాత్తూ ఆ పెనుకొండాయనే.

"నాగభూషణమన్న పంపించినాడు," అన్నాడు, పేరూ ఊరూ మింగేసి. తనూ ఇదే పనిలో ఉన్నవాడని తెలిస్తే ఇవ్వడేమోనని భయం.

"రాన్నా, కూర్చో. నా పేరు చెన్నకేశవులు," అని ఆ మనిషి లెన్సు తెచ్చి చేతిలో పెట్టాడు.

ధనుంజయ దాన్ని తన కెమెరాకు తగిలించి, వాకిలి బయట టీ తాగుతున్న ముసలామెను ఒక ఫోటో తీశాడు. చూసుకుంటే ప్రాణం లేచొచ్చింది. ముఖం మీది ముడతలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. వెనక బస్సులూ లేవు, జనమూ లేరు, ఉత్త రంగులే. రేకులు పోతే పోయాయి, సుమలత కాళ్లయినా పట్టుకుందాం అనుకున్నాడు. చెయ్యి జేబులోకి పోయింది. అయినా బేరానికి ముందు అడగాల్సిన మాట ఒకటుంటుంది.

"ఇంత బాగుండాదే, ఎందుకు అమ్ముతాండావప్పా?"

చెన్నకేశవులు గోడ మీది ఫోటో వైపు చూపించాడు. "ఆ పాప చీర అంచులో హంసలుండాయా, మామిడి పిందెలుండాయా, చెప్పన్నా."

ధనుంజయ దగ్గరికి పోయి చూశాడు. భుజం దాటితే అంతా మసకే.

"ఏరికోరి నేయించిన పట్టుచీరన్నా అది. ఆల్బం చూసి, అంచు యాడ, జరీ యాడ అని పాప తల్లి ఏడ్చేసింది. వెనకాల నిలబడినోడు వాళ్ల పెద్దల్లుడంట. కోటు వేసుకొని వచ్చి నిలబడితే పొగ మాదిరి చేసినావని పాప నాయన నన్ను కొట్టేదానికొచ్చినాడు. అల్లుడు అలిగి పోయినాడు."

"మసక తగ్గించి తీసుకోవచ్చు కదప్పా?"

"తగ్గిస్తే మామూలు లెన్సు మాదిరే ఉంటాది. దానికి ఇంత పోసి కొనేదెందుకు? పైగా బంధువులందరూ ఫోటోలో పట్టల్లంటే మండపం బయటికి పోయి నిలబడల్ల. ఫోన్లో చూసేటోళ్లు బాగుందంటారన్నా. పెండ్లి చేసినోళ్లు ఒప్పుకోరు. ఈ ఏడు ఎవరూ నన్ను పిలవలేదు."

జేబులోకి పోయిన చెయ్యి వట్టిదే బయటికొచ్చింది. కనగానపల్లి పెళ్లికూతురు కూడా పట్టుచీరే కడుతుంది. వాళ్లకూ అల్లుళ్లుంటారు. ధనుంజయకు గుండెల మీది బండ ఎవరో దించినట్టయింది. మగ్గం తడవదు, ఇంట్లో మాట పడనక్కర్లేదు, పాత లెన్సుతోనే బతకొచ్చు.

"నాకు సరిపడదులేప్పా," అని లెన్సు తిరిగిచ్చి, వాకిట్లోకి వచ్చి సుమలతకు ఫోన్ చేశాడు. "రేకులాయన్ని రేపే రమ్మని చెప్పు."

అవతలినుంచి సుమలత, "అన్నం తిన్నావా?" అని అడిగింది.

ఇప్పుడు నిజంగానే ఆకలి వేసింది. సంచి సర్దుకుంటుంటే చెన్నకేశవులు దిగాలు ముఖం కనిపించి జాలేసింది.

"దీన్ని అమ్మి ఏం చేద్దామనుకుంటివప్పా?"

"ధర్మవరంలో ధనుంజయ అని ఒకాయన ఉండాడంటన్నా. ఆయప్ప ఫోటోల్లో అంచూ కనపడతాది, అల్లుడూ కనపడతాడు. మా ఊరోళ్లు కూడా ఆయప్పనే పిలిపిస్తామంటాండారు. ఈ దుడ్లు చేతికొస్తే, ఆయప్ప పాత లెన్సు ఎంతకిస్తాడో పోయి అడుగుదామనుకుంటి."