తలుపు అవతల బాలవ్వ

అప్పటికి రాష్ట్రంలో ప్రతి టీచరు భుజానా తుపాకి ఉండేది. పాత యుద్ధాలనాటి స్టెన్‌గన్ నమూనాలోనే, దానికన్నా తేలిగ్గా, చిన్నగా చేశారు. దాన్ని తగిలించుకునే హాజరు పిలవడం హేమలత టీచరుకు అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం బడి వెనక ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. బడి మీద దాడి జరిగిందనుకుని హేమలత పిల్లల్ని బల్లల కింద పడుకోబెట్టి, తలుపు గడియ వేసి, శిక్షణలో నేర్పినట్టే గురిపెట్టింది. ఎవరో తలుపు గట్టిగా తోశారు. ఆమె కాల్చింది. తలుపు తీసి చూస్తే గడప ముందు బడిలో వంట చేసే బాలవ్వ చచ్చిపడి ఉంది. పిల్లలకు ఏమైందోనని పరుగెత్తుకొచ్చిందట.

విచారణ రెండు రోజుల్లో ముగిసింది. బయటినుంచి ఎవరూ పిలవలేదని హేమలత సంతకం చేసింది. పేరు చెప్పకుండా తలుపు తోసినవాళ్లను కాల్చాలన్న నిబంధన పాటించిందని అధికారులు మెచ్చుకున్నారు.

పది రోజుల తర్వాత బాలవ్వ భర్త పోశాలు ఆమె చెప్పులు, టిఫిన్ డబ్బా తీసుకుపోవడానికి వచ్చాడు. వెళ్లబోతూ ఆగాడు.

"టీచరమ్మా, మా ఆమె ఉత్తగనే తలుపు నూకే మనిషి గాదు. నిన్ను పిలవలేదా?"

హెడ్మాస్టరు పక్కనే ఉన్నాడు. హేమలత తుపాకి తీసి బల్ల మీద పెట్టింది.

"పిలిచింది, పోశాలన్నా. 'టీచరమ్మా, నేను బాలవ్వను' అన్నది. నాకు ఇనబడ్డది. ఇనబడ్డంక గూడ భయంతోని కాల్చిన."

పోశాలు చెప్పులు, డబ్బా కింద పెట్టాడు.

"గదే మాట కాయితం మీద రాసియ్యి," అన్నాడు.

హెడ్మాస్టరు వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆమె కూర్చుని రాసింది.