పదహారో చుక్క

“ఈడ తప్ప యాడైనా తవ్వుకో మేడం,” అన్నాడు అస్లాం, పార మీద కాలు పెట్టి.

పూజ సెల్లు చూపించింది. తెరమీద ఎర్రచుక్క సరిగ్గా వాళ్లు నిలబడ్డ చోటే ఉంది.

జమ్మలమడుగు పక్కనున్న ఆ ఊరి పొలాల్లో ఏ చోట మట్టి ఎలాంటిదో పటం గీసే పని ఆమెది. ఎక్కడ తవ్వాలో పై ఆఫీసులో ముందే చుక్కలు పెట్టేశారు. చుక్క మీద నిలబడి గుంత ఫోటో తీస్తే తప్ప యాప్ ఒప్పుకోదు. పదిహేను అయిపోయాయి. ఈ ఒక్కటి మిగిలితే ఊరి పటం మొత్తం వెనక్కొస్తుంది. పటం వెనక్కొస్తే పూజ కాంట్రాక్టు ఉద్యోగం ఊడుతుంది. గడువేమో ఇవాళే.

“జానెడు గుంతే, అన్నా. అర్ధకేజీ మట్టి తీసుకొని పూడ్చేస్తా.”

“కుదరదు.”

“ఎందుకని?”

అస్లాం నోరు తెరిచాడు. గట్టు వైపు చూసి మూసుకున్నాడు.

గట్టుమీద వేపచెట్టు కింద అతని తండ్రి నబీ రసూల్ కూర్చుని ఉన్నాడు. శనగ కోత అయిపోయి చాలా రోజులైంది. ఖాళీ చేనికి కాపలా దేనికో గానీ, ముసలాయన రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుంటాడట.

“మా నాయనకు గుండె ఆపరేషన్ అయింది,” అస్లాం గొంతు తగ్గించాడు. “ఆయన ముందర గొడవ చేయాకు మేడం. నీకు దండం పెడతా.”

పూజ కిందికి చూసింది. చేనంతా దున్ని ఉంది. మధ్యలో చాపంత చోటును మాత్రం వదిలి, ట్రాక్టరు చుట్టూ తిరిగి పోయింది. ఆమెకు అనుమానం వచ్చింది. తను పులివెందుల పిల్ల. గండికోట చుట్టుపక్కల నిధుల కోసం తవ్వేవాళ్ల కథలు చిన్నప్పటి నుంచీ విన్నదే. దొరికింది దాచుకున్నవాడి మొహం ఇలాగే ఉంటుందనుకుంది.

“ఏందిరా అది?” ముసలాయన కేకేశాడు. “నాసిర్ ఏమన్నా ఫోన్ చేసినాడా?”

నాసిర్ చిన్నకొడుకు. కువైట్‌కు డ్రైవరుగా పోయాడు.

“చేసినాడు నాయనా,” తల తిప్పకుండానే అరిచాడు అస్లాం. “డ్యూటీ శానా ఉందంట. బక్రీదుకు వస్తాడంట.”

“రానీ, రానీ. ఆ పాపను తవ్వుకోనీరా. ఎండలో నిలబెడతాండావేంది?”

అస్లాం ఇరుక్కుపోయాడు. వద్దనాలంటే కారణం చెప్పాలి. చెబితే తండ్రి వింటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పార మీది కాలు మెల్లగా తీశాడు.

పూజ తవ్వింది. మొదట నల్లరేగడి పెళ్ల లేచింది. దాని కింద, నల్లమట్టి మధ్యలో, పిడికెడు తెల్లటి సన్న ఇసుక బయటపడింది. నిధీ లేదు, నిక్షేపమూ లేదు.

“ఇది ఈ చేని మట్టి కాదే. పెన్న ఇసుక కూడా ఇంత సన్నగా ఉండదు. యాడిదన్నా ఇది?”

అస్లాం నీళ్లు తెస్తానంటూ, టవలు మొహానికి అడ్డం పెట్టుకుని, బండి వైపు గబగబా నడిచాడు.

ముసలాయన గట్టు దిగి వచ్చాడు. గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“తెల్లది ఉండనీ పాపా. పక్కనుండే నల్లమన్ను తీసుకో.”

ఆమెకు కావలసిందీ అదే. పరాయి ఇసుక కలిస్తే పరీక్షలో లెక్క తప్పుతుంది. సంచి నింపి ఫోటో తీసింది. సెల్లులో చుక్క ఆకుపచ్చగా మారింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇక గుంత పూడ్చబోతే ముసలాయన పార పట్టుకున్నాడు.

“పారతో వద్దు.”

ఇసుకను జాగ్రత్తగా గుంతలో సర్దాడు. దానిమీద నల్లమట్టి చేత్తో వేశాడు. ఒక పిడికెడు. కాస్త ఆగి మరో పిడికెడు. పెదాలు కదులుతుండగా మూడోది. మిగిలిందంతా అరచేత్తో నెట్టి చదును చేశాడు. అస్లాం నీళ్ల సీసాతో తిరిగి వస్తున్నాడు. ముసలాయన అటు చూసి, పూజ వైపు వంగి, గుసగుసగా అన్నాడు.

“కువైట్‌లో ఉండే మా నాసిర్ గోరీ మింది ఇసుక పాపా అది, నాకు ఎరికేనని మా పెద్దోనికి మాత్రం చెప్పాకు, తట్టుకోలేడు.”