నల్లబడ్డ ఆయిలు

తెల్ల తువ్వాలు మీద నల్లటి చార పడింది.

లక్ష్మప్పకు నెత్తురు నెత్తికెక్కింది.

మొన్ననే ఎమ్మిగనూరులో ఇంజనుకు కొత్త ఆయిలు పోయించుకున్న అంబాసిడరు అది. ఆదోని టాక్సీ స్టాండులో ఎవరైనా ఆయిలును చూసే తీరు ఒకటే. ఇంజనులో ఆయిలు కొలిచే కడ్డీ బయటికి లాగి తువ్వాలుకు తుడవడం. పసుప్పచ్చగా ఉంటే అసలు, నల్లగా ఉంటే దొంగ. కాలిన ఆయిలును వడగట్టి కొత్త డబ్బాల్లో పోసి అమ్మే ఘనులు ఆ రోజుల్లో ఊరూరా ఉండేవాళ్లు మరి.

"నీకూ టోపీ పెట్టినాడే ఆ ఎమ్మిగనూరు సాబు," అన్నాడు పక్క టాక్సీ తోలే బజారి, నవ్వుతూ.

ఆ నవ్వే కొంప ముంచింది.

లక్ష్మప్ప చెయ్యి ఎట్లాంటిదో ఆదోనిలో అందరికీ తెలుసు. కుర్రతనంలో పత్తి మార్కెట్టు దగ్గర మాటా మాటా పెరిగి ఒకణ్ణి కట్టెతో కొడితే ఆ మనిషి మళ్లీ లేవలేదు. తండ్రి కాశప్ప కొడుకును వెంటనే బళ్లారికి దాటించాడు. ఈ సీమలో అది కొత్తేమీ కాదు. కొట్టేది ఒకడు, స్టేషనుకు పోయి నేనేనని బేడీలకు చేతులు చాపేది ఇంకొకడు. ఆ ఇంకొకడెవడో లక్ష్మప్ప అడగలేదు. కాశప్ప చెప్పకుండానే పోయాడు.

పోతూ పోతూ ఆయన మిగిల్చింది ఈ కారొక్కటే. అదే కూడు, అదే పరువు. దొంగ ఆయిలుకు ఇంజను పట్టేసిందంటే ఇంట్లో పొయ్యి వెలగదు.

కారును ఎమ్మిగనూరుకు ఉరికించాడు లక్ష్మప్ప.

దారి పొడుగునా మొన్నటి సంగతే మెదిలింది. మాబు సాబ్ అని ఆ ముసలాయన పేరు. ఎక్కణ్ణించి వచ్చాడో ఎవరికీ తెలీదు, ఈ మధ్యే మగ్గాల వీధి పక్కన బండ్లు బాగుచేసే షెడ్డు వేసుకున్నాడు. అల్లుడు కువైట్ నుంచి తెచ్చిన ఆయిలు డబ్బా ఒకటి దాచిపెట్టుకున్నాడు. ఇది మామూలు ఆయిలు కాదని, సింథటిక్ అంటారని, ఫ్యాక్టరీలో పుట్టిందని, ఎంత వేడికీ చెక్కుచెదరదని మురిసిపోతూ చెప్పాడు. ఇంకెవరికీ పొయ్యనిది లక్ష్మప్ప కారుకు పోశాడు. పైసా పుచ్చుకోలేదు.

"మీయమ్మ తిమ్మమ్మ బాగుందా అప్పా?" అని మాత్రం అడిగాడు.

బండి కదిలేటప్పుడు ఆయిలు గురించి ఇంకా ఏదో చెప్పబోయాడు. మంత్రాలయం బేరం తొందరలో లక్ష్మప్ప వినిపించుకోలేదు.

ఊరికే పోశాడంటేనే అనుమానం రావద్దా, నా బుద్ధి గడ్డి తిన్నదని ఇప్పుడు పళ్లు కొరికాడు.

షెడ్డు ముందు కారు ఆపి, డిక్కీలోంచి జాకీ రాడ్డు తీశాడు.

మాబు సాబ్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగింది. ముసలాయన పెట్టిన కేకకు పక్కన మగ్గాలు ఆగిపోయాయి.

"కాలిన ఆయిలు పోస్తావా నా బండికి?"

"నల్లబడాలప్పా..." కింద పడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు మాబు సాబ్. "మంచిది కాబట్టే నల్లబడింది. లోపల ఏండ్లనాటి మడ్డి ఉంటాది సూడు, అదంతా కడిగి తన మీదికి తీసుకుంటాది. ఆ పొద్దు అదే సెప్పాలనుకుంటి..."

లక్ష్మప్ప వింటేనా! అడ్డం పెట్టిన చేతిని విరగ్గొట్టాడు. పక్కటెముకల మీద కొట్టాడు. బోర్లా పడితే వీపు మీద కొట్టాడు. నోట్లోంచి వచ్చిన నెత్తురు నేల మీది ఆయిలు మరకల్లో కలిసిపోయింది. మగ్గాల వాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారే గానీ ఒక్కరూ అడుగు ముందుకెయ్యలేదు. రాడ్డు తలకు తగిలి, ముసలాయన కదలడం మానేశాక గానీ ఆ చెయ్యి ఆగలేదు.

అన్ని దెబ్బలు తిన్నా మాబు సాబ్ ఒక్క తిట్టు తిట్టలేదు.

అప్పుడొచ్చారు మగ్గాల వాళ్లు. ముసలాయన్ని ఆ కారులోకే ఎక్కించి, ఆసుపత్రికి తోలమన్నారు. లక్ష్మప్ప తోలాడు.

కబురంది ఎస్సై వచ్చాడు. సాక్ష్యానికి భయపడి మగ్గాల వాళ్లు తామేమీ చూడలేదన్నారు. ఎవరు కొట్టారో చెప్పమని మంచం పక్కన కూర్చుని అడిగాడు.

గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు లక్ష్మప్ప. ఈసారి తనను దాటించడానికి తండ్రి లేడు.

మాబు సాబ్ కళ్లు తెరిచి అతణ్ణే చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవురూ కొట్టలేదు సార్. బండి కింద పండుకోని పని చేస్తాంటి. జాకీ జారింది."

అదే ఆఖరి మాట. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

నాకు భయపడి ఉంటాడులే అనుకున్నాడు లక్ష్మప్ప. ఊపిరి పీల్చుకుని ఆదోని దారి పట్టాడు.

ఊరు దాటాక ఏదో తేడా తోచింది. ఎన్నేళ్లుగానో టకటకా కొట్టుకునే ఇంజను మెత్తగా, చప్పుడు లేకుండా పోతోంది. అంటే ముసలాయన చెప్పింది నిజమే.  లక్ష్మప్ప దారిలో కారాపి, కడ్డీ లాగి ఆ నలుపును మళ్లీ చూశాడు.

ఇంట్లో తిమ్మమ్మ బియ్యం చెరుగుతోంది. తల్లి ముఖం చూశాక దాచలేకపోయాడు. ఆయిలు సంగతి, రాడ్డు సంగతి, జాకీ జారిందన్న మాట, అన్నీ చెప్పాడు.

"ఆయప్ప పేరేంది?"

"మాబు సాబ్. నీ పేరు తెలుసమ్మా ఆయనకు. బాగుందా అని అడిగినాడు."

చేట చేతిలోంచి జారి బియ్యమంతా నేలపాలైంది. తిమ్మమ్మ గోడకు చేరగిలబడి తల బాదుకుంది.  చివరికి కొడుకు ముఖంలోకి చూసి చెప్పింది.

"కరువులో తన బిడ్డకు నేను ఇన్ని పాలు తాపిన మేలుకు, పత్తి మార్కెట్టులో నువ్వు సంపిన మనిషిని తానే సంపినానని సెప్పి, నీ బదులు కడప జైలుకు పోయినోడు ఆయప్పే రా."