కిటికీకి కొట్టిన రేకు

"ఎవరినడిగి నా రేకు పీకినావమ్మా?" ఇంటి ఓనరు నంజప్ప వాకిట్లో నిలబడి అరిచాడు.

గదిలో కిటికీ దగ్గరున్న చైత్ర చేతిలోని పట్టకారు దించలేదు. కిటికీకి బయటివైపు అతను పొద్దునే కొట్టించిన రేకు సగం ఊడి వేలాడుతోంది.

"అడిగే టైము లేదన్నా. మా ఆయనకు ఫ్లూ. ఉండేది ఒకటే గది. అత్తకు ఆస్తమా. కిటికీ తెరిచి పెట్టకుంటే ఆ వైరస్ ఆమెకూ అంటుతాదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

"ఆ కిటికీ పక్క సందులో గార్మెంట్స్ మూటలు పెడతాండా. మీ దగ్గులు, మీ వంట పొగ వాటిమీద పడాల్నా?"

"మూటలమీద దుమ్ము పడితే దులుపుకోవచ్చు. అత్తకు ఊపిరాడకుంటే యాడికి పోయేది?"

మంచం మీద హరీశ్ మాస్కు పైకి లాక్కుని దగ్గాడు. "వద్దులే చైత్రా, గొడవెందుకు?" అన్నాడు. అత్త ఆదెమ్మ గాలికోసం గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. ఆమె ఛాతీ పిల్లికూతలు పెడుతోంది.

నంజప్ప సుత్తి పట్టుకుని సందులోకి పోయాడు. రేకును కిటికీకి అదిమి మేకు పెట్టాడు. చైత్ర లోపలినుంచి చెయ్యి చాపి రేకుకూ కిటికీ చట్రానికీ నడుమ పెట్టింది.

"కొట్టన్నా. ముందు నా చేతిమీద కొట్టు."

ఎత్తిన సుత్తి అట్లాగే ఆగిపోయింది. ఎదుటి మేడమీద బట్టలారేసేవాళ్ళు తొంగి చూశారు.

"సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్!"

"ఇంట్లో జ్వరం తగ్గనీ, పోతాం. అందాకా ఈ కిటికీ మూయను. పోలీసుల్ని పిలుచుకో పో."

ఆ కేకలకు పైఇంట్లోంచి నంజప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ సందులోకి దిగివచ్చింది. మొగుడి ముందు గొంతెత్తి ఎరగని మనిషి.

"చూసినావా, బాడుగకుండేవాళ్ళకు ఎంత పొగరో! నువ్వన్నా చెప్పు," అన్నాడు నంజప్ప.

ఆమె అతని చేతిలోని సుత్తి తీసుకుంది. చైత్ర చెయ్యి వెనక్కి లాక్కోలేదు. సుబ్బలక్ష్మమ్మ సుత్తి వెనక కొనతో రేకుకు మిగిలిన మేకులు పెరికేసింది. రేకు దబ్బున కింద పడింది. గదిలోకి గాలి ఒక్కసారిగా దూసుకొచ్చింది. ఆదెమ్మ గోడకు చేరగిలబడి గుండెనిండా పీల్చుకుంది.

"పిచ్చి పట్టిందా నీకు? ఖాళీ చేయాలని చెప్తి కదా!" నంజప్ప గొంతు చించుకున్నాడు.

"చేయాల్సిందే," అంది సుబ్బలక్ష్మమ్మ. "ఇల్లు మా నాయన నా పేరున రాసిచ్చినాడు. నువ్వు పోయి నీ గుడ్డలు సర్దుకో."